పాత బిల్డింగులో ఆరోగ్య కేంద్రం పెట్టాలంటే

పాత భవనాలను కొత్త పనికి సిద్ధం చేయడం నా వృత్తి. ఆర్కిటెక్టుగా పద్దెనిమిదేళ్ళయింది. అందులో ఐదు పనులు ఆరోగ్య కేంద్రాలవి. పెద్ద ఆసుపత్రులు కావు. ఒక డాక్టరు, ఇద్దరు ముగ్గురు నర్సులు, టీకాల గది, కౌన్సెలింగ్ గది, దరఖాస్తులు నింపిపెట్టే బల్ల, పెద్దవాళ్ళు పగలంతా కూర్చునే హాలు, ఇవన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట్లు. ఊరి మధ్యలో ఖాళీగా పడి ఉన్న భవనాన్ని ఇలాంటి పనికి వాడుకోవాలనుకునే కమిటీలవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట జవాబు రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పాలి. మొదటి కేంద్రం తెరిచిన రెండో వారం ఎలా నడుస్తోందో చూద్దామని వెళ్ళి వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను. కౌన్సెలింగ్ గది తలుపు మూసే ఉంది. లోపల ఒకామె తన ఇంట్లో జరుగుతున్నది చెప్పుకుంటోంది. ప్రతి మాటా వినిపిస్తోంది. నాకే కాదు, హాల్లో ఉన్న ఎనిమిది మందికీ. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఇంతలో మాలో ఒకరు దగ్గారు. ఆ దగ్గు లోపలికీ వినపడి ఉంటుంది, ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. మళ్ళీ మొదలవలేదు. కాసేపటికి తలుపు తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడూ రాలేదని అక్కడి కౌన్సెలర్ చెప్పింది.

ఆ గది గోడను నేను ఫాల్స్ సీలింగ్ దాకానే లేపించాను. సీలింగుకీ శ్లాబుకీ మధ్య రెండడుగుల ఖాళీ. మాట అటు ఎక్కి ఇటు దిగింది. డ్రాయింగులో గది కొలత, తలుపు, వెలుతురు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ గదిలో కూర్చోబోయే మనిషి మాత్రం డ్రాయింగులో లేదు.

ముందు మనుషుల దారి గీయండి

అందుకే ఇప్పుడు భవనం వెతకడానికి ముందే రెండు కాగితాలు తీసుకుని, అక్కడికి ఎవరెవరు వస్తారో రాయమంటాను. గదుల జాబితా తర్వాత. వారం రోజులుగా దగ్గుతున్న మనిషి. చంకలో ఒక బిడ్డ, చేతికి ఇంకో బిడ్డతో వచ్చే తల్లి. వీల్‌చైర్‌లో వచ్చే కుర్రాడు. మతిమరుపు జబ్బున్న భర్తను వెంటబెట్టుకొచ్చే పెద్దావిడ, ఆమె ఫారం నింపుతున్నంతసేపూ ఆయన ఎక్కడుంటాడు? తాగుడు మానాలని మొదటిసారి బయల్దేరి, ఎవరైనా చూస్తారేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఒంటరిగా మిగిలే నర్సు.

ఒక్కొక్కరికీ రోడ్డు మీద దిగిన దగ్గర్నుంచి తిరిగి రోడ్డెక్కేదాకా దారి గీయండి. ఏ తలుపు లోంచి వస్తారు, మొదట ఎవరితో మాట్లాడతారు, ఆ మాట ఎవరికి వినపడుతుంది, ఎక్కడ కూర్చుంటారు, టాయిలెట్ ఎంత దూరం, ఎటు నుంచి బయటికి పోతారు. ఈ పని ఆఫీసులో ఒక్కరే కూర్చుని చేస్తే లాభం లేదు. నర్సులు, సామాజిక కార్యకర్తలు, అక్కడికి వచ్చేవాళ్ళలో ఓ నలుగురైదుగురు ఉండాలి. ఒక కేంద్రంలో ఇలా కూర్చున్నప్పుడు ఒక నర్సు అడిగింది: "చెడ్డ కబురు చెప్పాక కూడా ఆ మనిషిని మళ్ళీ హాల్లోంచే పంపాలా?" ఆ ఒక్క ప్రశ్నతో డాక్టరు గది నుంచి పక్క సందులోకి ఒక తలుపు వచ్చింది. అక్కడికి పనివాళ్ళు దిగాక అడిగి ఉంటే గోడ పగలగొట్టాల్సి వచ్చేది.

పాత ఇంట్లో ఇలాంటి సేవలు పెట్టడం ఈనాటి ఆలోచనేం కాదు. వలస వచ్చిన పేదలకు ఆసరాగా 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ మొదలుపెట్టిన హల్ హౌస్, చార్లెస్ హల్ అనే ఆయన 1856లో కట్టించుకున్న నివాసం. క్యాన్సర్ వచ్చినవాళ్ళకీ వాళ్ళ ఇంటివాళ్ళకీ ఆసరాగా 1996లో ఎడింబరోలో తెరిచిన మొదటి మ్యాగీస్ సెంటర్, ఆసుపత్రి ఆవరణలో ఉన్న పాత గుర్రపుశాల. ఆర్కిటెక్టు రిచర్డ్ మర్ఫీ దాన్ని మార్చారు. ఆ సెంటర్లలో లోపలికి అడుగుపెట్టగానే రిసెప్షన్ కౌంటర్ ఎదురవదు, వంటింటి బల్ల కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు దాని చుట్టూ కూర్చుంటారు. మనుషుల దారి ముందు గీసుకుంటే తీసుకునే నిర్ణయాలు ఇలాగే ఉంటాయి.

ఏ భవనం తీసుకోవాలి, ఏది వద్దనాలి

ఇక్కడినుంచి ఎక్కువగా ఒకే భవనం గురించి చెబుతాను. ఒకప్పుడు బ్యాంకు శాఖ ఉండేది. రెండంతస్తులు, కాంక్రీటు పిల్లర్లు, అరవై ఏళ్ళ వయసు, ఏడేళ్ళుగా తాళం. కమిటీలో సగంమంది దాన్ని వద్దన్నారు. గోడల మీద చెమ్మ మరకలు, మెట్ల కింద పావురాల రెట్టలు. నాకు మాత్రం దాని రెండు గుణాలు నచ్చాయి. హాలుకి ఎదురెదురు గోడల్లో కిటికీలున్నాయి. బస్సు దిగి నడిస్తే రెండు నిమిషాల్లో గుమ్మం దగ్గరుంటాం.

మరకలు, విరిగిన తలుపులు, ఊడిన టైల్స్ బాగుచేసుకోవచ్చు. చూడగానే భయపెట్టేవి అవే, పోయేవీ అవే. మారనివి వేరే ఉంటాయి. ఒకే పక్క కిటికీలుండి లోపలికి చాలా లోతుగా పోయిన ఫ్లోరు, రోడ్డుకన్నా దిగువన ఉన్న నేలమాళిగ, పైఅంతస్తుకి ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి ఉండి రెండోది కట్టే జాగా లేకపోవడం, శ్లాబు ఎత్తు తక్కువై బీమ్‌లు తలకు తగిలేలా ఉండటం. వీటిలో రెండు కలిసి కనిపిస్తే అద్దె లేకుండా ఇస్తామన్నా తీసుకోవద్దని చెబుతాను. బ్యాంకుకీ మెట్లు ఒకటే. కానీ వెనక పెరడు ఉంది, బయట ఇనుప మెట్లు వేసుకోగలిగాం.

తట్టి చూడండి, ఆ తర్వాతే గీయండి

పాత డ్రాయింగులు దొరికితే అదృష్టం. దొరికినా వాటిని నమ్మి పని మొదలుపెట్టకండి. అరవై ఏళ్ళలో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గోడ తీసే ఉంటారు.

మొదటి రోజు నా చేతిలో ఉండేది చిన్న సుత్తి, టార్చిలైటు, చాక్‌పీసు. శ్లాబు కింద, బీమ్‌ల పక్కన, పిల్లర్ల అడుగున వరసగా తట్టుకుంటూ పోతాను. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. బోలుగా ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది, అక్కడ చాక్‌పీసుతో గీత. ప్లాస్టరింగ్ మీద జుట్టు సన్నం బీటలకు కంగారు పడనక్కర్లేదు. కడ్డీ పోయిన దారి వెంటే బీట సాగి, దాని మీద తుప్పు మరక ఉంటే లోపల ఇనుము ఉబ్బుతోందని అర్థం. గోడలో మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయిన బీట పునాది కదిలిందేమో అని అడగమంటుంది. అలాంటి బీట మీద సన్నని గాజుముక్క అతికించి, తేదీ రాసి పెట్టండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా గాజు పగలకపోతే ఆ బీట పాతది, ఆగిపోయింది.

తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఈ ఖర్చు మిగుల్చుకోవాలని చూసిన కమిటీలు తర్వాత దానికి ఎన్నో రెట్లు పెట్టడం చూశాను. రీబౌండ్ హ్యామర్‌తో కాంక్రీటు పైపొర గట్టిదనం, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి ఖాళీలు, బీటలు తెలుస్తాయి. అసలు బలం ఎంతో తేల్చాలంటే కోర్, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా తొలిచిన ముక్క, తీసి ల్యాబులో నలగ్గొట్టాల్సిందే. వీటితోపాటు నేను తప్పక చేయించే చిన్న పరీక్ష ఒకటుంది. కాంక్రీటులో అప్పటికప్పుడు చిన్న గుంట కొట్టి, ధూళి ఊదేసి, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. కాంక్రీటు ఇంకా క్షారంగా ఉన్నచోట గులాబీ రంగు పొంగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి క్షారం పోయినచోట రంగు రాదు. రంగు రాని ఆ లోతు కడ్డీ దాకా వచ్చిందంటే ఇనుముకి రక్షణ పోయినట్టే.

బ్యాంకు హాల్లో గులాబీ రంగు పైపొర దాటగానే వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. టాయిలెట్ల కింది శ్లాబులో మాత్రం కడ్డీ 25 మిల్లీమీటర్ల లోతున ఉంటే, రంగు 40 దాటేదాకా రాలేదు. పైనుంచి ఏళ్ళ తరబడి కారిన నీళ్ళు మిగతా పని చేశాయి. ఆ భాగం వరకు శ్లాబు తీసి మళ్ళీ పోయించాం. పరీక్ష చేయించకపోతే దానికి కొత్త ప్లాస్టరింగ్, తెల్ల రంగు వేసి, కింద పిల్లలను కూర్చోబెట్టేవాళ్ళం.

బరువు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇళ్ళ ఫ్లోర్లను మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల బరువు మోసేలా లెక్కగడతారు. కాగితాల ఫైళ్ళు కిక్కిరిసిన ర్యాకుల గదికి 500 కిలోలైనా పట్టుకోవాలి, పట్టాల మీద జరిగే ర్యాకులకు ఇంకా ఎక్కువ. ఇల్లుగా కట్టిన భవనంలో మేడ మీద రికార్డుల గది పెట్టడం ప్రమాదం. మా దగ్గర బ్యాంకు లాకర్ల గది ఉంది, కింది అంతస్తులో, మందపాటి గోడలతో, కిటికీ లేకుండా. మనుషులు కూర్చోవడానికి అసలు పనికిరాదు. రికార్డులకు అంతకన్నా మంచి చోటు లేదు.

పగలగొట్టే ముందు ఇంకో రెండు చూసుకోవాలి. పాత సిమెంటు రేకులు, పైపుల చుట్టూ చుట్టిన పొరలు, కొన్ని పాత ఫ్లోర్ టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. అది రాలిన దుమ్ము ఊపిరితిత్తుల్లో దశాబ్దాల తర్వాత జబ్బు తెస్తుంది. పరీక్ష చేయించకుండా డ్రిల్లు పెట్టనివ్వకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకించకూడదు, తడిపి తీయించాలి. ఈ రెండూ చివరికి ఆ ఇంటికి వచ్చే రోగులకన్నా ముందు పని చేసే కూలీల ఒంట్లోకి పోతాయి.

చెమ్మ గోడల విషయంలో ఒక మాట. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ తడిని పీల్చి, వదిలి, ఊపిరి తీసుకుంటుంది. దాని మీద సిమెంటు పూత పూసి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రెండేళ్ళకు పెచ్చులూడతాయి. ముందు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోండి: పగిలిన వాన గొట్టం, గోడకి ఆనించి పోసిన మట్టి, కారే ట్యాంకు. తర్వాత గోడను ఆరనివ్వండి. సున్నపు గోడకు సున్నమే పూయించండి.

పాత భవనం ఇచ్చే అసలు వరం గాలి

ఈ విషయం దగ్గర కాసేపు ఆగుతాను. పాత భవనాన్ని ఎందుకు ఎంచుకోవాలి అని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల్లో, 70 గదుల్లో గాలి ఎలా మారుతోందో కొలిచి పరిశోధకులు 2007లో ఫలితాలు ప్రచురించారు. క్షయ లాంటి జబ్బులు గాలి ద్వారా పాకేవి కాబట్టి, గదిలోని గాలి గంటకి ఎన్నిసార్లు పూర్తిగా మారుతుందన్నది లెక్క. యంత్రాలతో గాలి తోడే ప్రత్యేక గదులకు ప్రమాణం గంటకి 12 సార్లు. కిటికీలు, తలుపులు తెరిచిన మామూలు గదుల్లో అది సగటున 28 దాకా వచ్చింది. అందులోనూ ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలున్న పాతకాలపు కట్టడాల్లో 40, కొత్త తరహా కట్టడాల్లో 17. ఖరీదైన యంత్రం చేయలేనిది ఎత్తు కప్పు, రెండు వైపుల కిటికీలు చేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఓపీ చోట్ల ఒక్కో రోగికి సెకనుకి 60 లీటర్ల గాలి అందాలి, గాలి ద్వారా పాకే జబ్బులున్నవారి గదుల్లో 160.

బ్యాంకు హాలుకి తొమ్మిదడుగుల ఎత్తులో ఫాల్స్ సీలింగ్ ఉండేది. ఏసీ ఖర్చు తగ్గాలని ఎప్పుడో వేసుంటారు. ఒక మూల రెండు పలకలు తీయించి టార్చి వేశాను. పైన ఇంకో ఐదడుగుల ఎత్తు. ఆ ఎత్తులో రెండు గోడల వెంట వరసగా వెంటిలేటర్లు, ఒక్కోటి రెండడుగుల వెడల్పు, నడిమధ్య ఇరుసు మీద తిరిగేవి. ఒక్కో దానికి ఇత్తడి కొక్కెం, కొక్కేనికి కిందికి దిగే తాడు. తాళ్ళు ఎప్పుడో చివికిపోయాయి. రంగు మీద రంగు పడి రెక్కలు అతుక్కుపోయాయి. మా తాపీమేస్త్రి నిచ్చెన ఎక్కి ఒకదాని అంచు వెంట చాకు తిప్పి, అరచేత్తో చరిచాడు. కిర్రుమని తెరుచుకుంది. అవతలి గోడలో ఇంకోటి తెరవగానే హాల్లో కాగితాలు లేచాయి. ఆ వెంటిలేటర్లు పద్నాలుగూ బాగుచేయించి కొత్త తాళ్ళు కట్టించాం. మీ భవనంలో ఫాల్స్ సీలింగ్ ఉంటే మొదటి రోజే ఒక పలక తీసి చూడండి.

గాలి ఎటు నుంచి ఎటు పోతుందో కూడా తెలుసుకోవాలి. అగరువత్తి పొగో, సన్నని దారమో పట్టుకుని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. గాలి నర్సు వైపు నుంచి రోగి వైపు, అక్కడినుంచి బయటికి పోవాలి. దగ్గుతో వచ్చేవాళ్ళకు వీలైతే కప్పున్న వరండాలో సీట్లు వేయండి, లేదా గాలి బయటికి పోయే కిటికీ పక్కన. చలి దేశాల్లో, దుమ్ము రోడ్ల పక్కన కిటికీలు తెరిచి ఉంచడం కుదరదు, అక్కడ ఫిల్టరు, గాలి తోడే ఫ్యాన్లు పెట్టక తప్పదు. ఏది పెట్టినా నిండా జనం ఉన్నప్పుడు ఒక చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు హాల్లో పెట్టి చూడండి. బయటి గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) దగ్గర ఉంటుంది. లోపల వెయ్యి దాటుతోందంటే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నారు.

మాట గది దాటకూడదు

గోడను శ్లాబు దాకా లేపండి. నా మొదటి కేంద్రం కథ మీకు తెలుసు. అయితే గోడ ఒక్కటే చాలదు. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, 50 డెసిబెల్స్ ఆపగల గోడ 20 మాత్రమే ఆపుతుంది. ఆ ఒక వంతు ఎక్కడ దాక్కుంటుందో వెతకాలి: తలుపు కింద సందు, గోడకి రెండు వైపులా ఎదురెదురుగా పెట్టిన స్విచ్ బోర్డులు, పైపు పోయిన రంధ్రం, రెండు గదులను కలిపే ఏసీ డక్టు. జిప్సం బోర్డు గోడ అయితే రెండు వైపులా రెండేసి పొరలు, మధ్యలో శబ్దం పీల్చే రాక్‌వూల్ (రాతితో చేసిన దూది) నింపించండి. తలుపు లోపల డొల్లగా ఉండకూడదు, గట్టి చెక్క కావాలి. మూసినప్పుడు కిందికి దిగి సందు మూసే రబ్బరు పట్టీ ఉంటుంది, దాన్ని తప్పకుండా పెట్టించండి.

గాలికీ మాటకీ ఇక్కడ పేచీ వస్తుంది. పాత భవనాల్లో లోపలి తలుపుల మీద కూడా వెంటిలేటర్లుంటాయి. బ్యాంకులో అవి చాలా అందంగా ఉండేవి, రంగు అద్దాలతో. కౌన్సెలింగ్ గదులవి మాత్రం వెనక నుంచి ఇటుక పేర్చి మూయించాను. అద్దాలు హాలు వైపు అలాగే ఉన్నాయి. ఆ గదులకు గాలి పెరటి వైపు కిటికీ నుంచే రావాలి, ఆ కిటికీ కింద బెంచీ వేయకూడదు.

పరీక్ష సులభం. లోపల ఒకరు మామూలు గొంతుతో ఏదైనా చదవాలి. బయట కుర్చీలో కూర్చుని వినండి. గొంతు వినపడితే పర్లేదు. మాట అర్థమైతే పని పూర్తి కానట్టే. రంగులు వేయకముందే ఇది చేయండి.

రిసెప్షన్ దగ్గర కూడా ఇదే సమస్య. "ఏం పని మీద వచ్చారు?" అని అందరి ముందూ అడిగితే సగంమంది అబద్ధం చెబుతారు. వరుసలో తర్వాతి మనిషి నిలబడే చోటును కౌంటరుకి కనీసం ఆరడుగుల దూరంలో పెట్టండి. కుర్చీలు కౌంటరుకి ఎదురుగా వేయకండి. కౌంటరులో ఒక భాగం 750 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు, పిల్లలు, కూర్చుని మాట్లాడాలనుకునేవాళ్ళు అందరూ వాడుకుంటారు.

గుమ్మం అందరికీ ఒకటే

ర్యాంపు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. అంటే ఎంత ఎత్తు ఎక్కాలో దానికి పన్నెండు రెట్లు పొడవు కావాలి. బ్యాంకు అరుగు 600 మిల్లీమీటర్ల ఎత్తు. ర్యాంపుకి 7.2 మీటర్లు, పైనా కిందా ఒకటిన్నర మీటరు చొప్పున సమతలం. ముందు వైపు అంత జాగా లేదు. కమిటీ సూచన ఏమిటంటే, ముందు మెట్లు అలాగే ఉంచి వెనక ర్యాంపు కట్టి, వీల్‌చైర్ వాళ్ళను వెనక నుంచి రమ్మనడం. నేను గట్టిగా అడ్డు చెప్పాను. కాళ్ళు నడవనివాళ్ళకు సరుకులొచ్చే తలుపు చూపించడం నాకు నచ్చదు. చివరికి పక్క సందు వైపు, గోడ వెంట మెల్లగా ఎక్కే ర్యాంపు కట్టి, ఆ పక్క తలుపునే అందరికీ ముఖద్వారం చేశాం. పాత సింహద్వారం ముందు మెట్లు ఇప్పుడు జనం కూర్చునే అరుగయ్యాయి. మొదటిరోజే ఒక తల్లి పిల్లల బండిని ర్యాంపు మీద తోసుకుంటూ వచ్చింది. ఆ వాదన అక్కడితో ముగిసింది.

తలుపు రెక్క 900 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుందనుకుంటారు. రెక్క తెరిచాక మిగిలే ఖాళీ 900 ఉండాలి. వీల్‌చైర్ ఒక చుట్టు తిరగడానికి ఒకటిన్నర మీటరు వ్యాసం కావాలి, టాయిలెట్‌లో కూడా. టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే, లోపల పడిపోయిన మనిషి ఒళ్ళే తలుపుకి అడ్డం పడుతుంది. సహాయం కోసం లాగే తాడు నేలకు అందేంత కిందికి దిగాలి, పడిపోయినవాళ్ళకే కదా అది కావాల్సింది. ఆ తాడును అడ్డంగా ఉందని మడిచి పైన కట్టేయడం నేను చాలాచోట్ల చూశాను. తుడిచేవాళ్ళకు విడిగా చెప్పి ఉంచండి.

నీళ్ళు, కరెంటు, సిబ్బంది

పరీక్ష చేసే ప్రతి గదిలో చేతులు కడుక్కునే సింక్ ఉండాలి, మోచేత్తో తిప్పే కుళాయితో. గదులను పాత నీటి గొట్టాలకు దగ్గరగా పెట్టుకుంటే సగం పగలగొట్టడం తగ్గుతుంది. వాడకంలో లేని పాత గొట్టాలకు మూత బిగించి వదిలేయకండి, మెయిన్ దాకా తీసేయండి. గోరువెచ్చగా నిలిచిన నీళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియొనెల్లా లాంటి క్రిములు పెరుగుతాయి.

వైరింగ్ మొత్తం మార్చండి. దీనిలో రాజీ వద్దు. తడి చేతుల గదులకు 30 మిల్లీయాంప్‌ల కరెంటు లీకైనా వెంటనే ఆపేసే రక్షణ స్విచ్ కావాలి. టీకాల ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకడితే కొన్ని టీకాలు చెడిపోతాయి. దానికి విడి లైను వేసి, స్విచ్ మీద మూత పెట్టండి. శుభ్రం చేస్తూ ఎవరైనా పొరపాటున ఆపేస్తే అందరికీ టెన్షనే.

కౌన్సెలర్ కుర్చీ తలుపుకి దగ్గరగా ఉండాలి. అవతలి మనిషి కోపంలో లేస్తే ఆమెకు దారి మూసుకుపోకూడదు. బల్ల కింద బటన్ పెట్టించండి. సిబ్బంది గదికి కిటికీ ఉండాలి. స్థలం తక్కువైనప్పుడు అందరూ మొదట కోసేది ఆ గదినే. రోజంతా ఇతరుల బాధలు వినేవాళ్ళు పది నిమిషాలు తలుపేసుకుని కూర్చునే చోటు అది, దాన్ని కోయనివ్వకండి.

సాయంత్రం సమావేశాలు జరిగే హాలుకీ, పగలు నడిచే క్లినిక్కుకీ మధ్య తాళం వేసుకోగల తలుపు ఒకటి ఉండాలి. హాలు వైపు ఒక టాయిలెట్ ఉండేలా చూసుకోండి. లేకపోతే టాయిలెట్ కోసం క్లినిక్ మొత్తం తెరిచి ఉంచాల్సి వస్తుంది.

పని క్రమం, డబ్బు

పైకప్పు, వాన నీళ్ళ దారి, డ్రైనేజీ ముందు. ఆ తర్వాత పిల్లర్లు, బీమ్‌లు, శ్లాబు మరమ్మతు. అవి అయ్యాక గొట్టాలు, వైర్లు, ఆ తర్వాత కొత్త గోడలు, తలుపులు. రంగులు చివర. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయం చేసుకుని, ముందు గది అందంగా తయారుచేసి, కప్పు కారుతుండగానే రిబ్బన్ కత్తిరించినవాళ్ళను చూశాను. మరుసటి ఏడాది ఆ గదినే మళ్ళీ తవ్వారు.

అంచనాలో ఐదో వంతు పక్కన పెట్టండి. పాత గోడ తెరిచాక ఏం బయటపడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. ఆ డబ్బు మిగిలితే మంచి కుర్చీలు కొనుక్కోవచ్చు.

ఒక భాగంలో సేవలు నడుస్తుండగా ఇంకో భాగంలో పగలగొట్టాల్సి వస్తే, మధ్యలో శ్లాబు దాకా గట్టి అడ్డు కట్టి, పని జరిగే వైపు నుంచి గాలి బయటికి తోడే ఫ్యాను పెట్టండి. కూల్చిన గోడల దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

తెరిచే ముందు ఒక రోజు, తెరిచాక ఒక రోజు

తెరవడానికి పది రోజుల ముందు, మొదట దారి గీసినవాళ్ళందరినీ పిలవండి. ఒకరు వీల్‌చైర్‌లో, ఒకరు చేతికర్రతో కళ్ళు కనపడనివారు, ఒకరు చంటిబిడ్డతో, ఒకరు చదవడం రానివారు. ఎవరూ దారి చూపించకూడదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిరిగారు అన్నది మాత్రం రాసుకోండి. బ్యాంకులో చదవడం రాని పెద్దాయన బోర్డులన్నీ దాటుకుని నేరుగా రికార్డుల గదికి వెళ్ళి నిలబడ్డాడు. అన్నిటికన్నా పెద్ద తలుపు అదే కాబట్టి డాక్టరు అక్కడే ఉంటాడనుకున్నానన్నాడు. ఆ తలుపుకి గోడ రంగే వేయించి, డాక్టరు గది తలుపుకి పసుపు వేయించాం.

మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి ఒక రోజంతా హాల్లో కూర్చోండి, నేను మొదటి కేంద్రంలో కూర్చున్నట్టు. బ్యాంకు హాల్లో నేను వేయించిన కుర్చీల వరసలు అప్పటికి లేవు. జనం నాలుగు కుర్చీలు తీసుకెళ్ళి పెరటి కిటికీ కింద గుండ్రంగా వేసుకున్నారు. టోకెన్ నంబరు కనిపించే తెర మాత్రం వాళ్ళ వెనక ఉంది, పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతున్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఆ సాయంత్రమే తెరను కిటికీ పక్క గోడకు మార్పించాను.